నా పనికి చెల్లెలి సంతకం

విమానం దగ్గర పని చేసేవాళ్ళు వేరు, ఆ పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టేవాళ్ళు వేరు. నేను పని చేసేదాన్ని. సంతకం పెట్టేది మా చెల్లెలు. నాకంటే రెండేళ్ళు చిన్నది.

గన్నవరంలో విమానం దిగి ఆగగానే చక్రాల దగ్గరికి ముందు వెళ్ళేది నేను. టైర్ల అరుగుదల చూస్తాను, బ్రేకులు చూస్తాను, నూనె ఎక్కడైనా కారిందేమోనని పొట్ట కింద వెతుకుతాను. ఎండాకాలంలో ఆ నేల పెనంలా కాలుతుంటుంది. అంతా అయ్యాక అది వస్తుంది. చుట్టూ తిరిగి టార్చి వేసి చూస్తుంది, జేబులోంచి పెన్ను తీస్తుంది. దాని సంతకం పడ్డాకే విమానం కదులుతుంది. నా చేతులు మోచేతుల దాకా నల్లబడినా సరే, అంగుళం కదలదు.

దేవుడు నాకేం తక్కువ చేయలేదు. సాయంత్రం దీపం పెట్టాక, అందినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుని దణ్ణం పెట్టుకోవడం పిన్ని నేర్పిన అలవాటు. ఊపిరి దగ్గర మొదలుపెడతాను. అమ్మ, నాన్నగారు, తలమీద కప్పు, చేతిలో పని, అలా చెప్పుకుంటూ చెల్లెలి దగ్గరికొచ్చేసరికి గొంతులో చేపముల్లు అడ్డుపడినట్టు ఆగిపోతాను. అన్నంముద్ద మింగితే ముల్లు దిగిపోతుందంటారు కదా, అలా గబుక్కున తర్వాతి మాట చెప్పేసి ముందుకెళ్ళిపోతాను.

ఊపిరి దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. మా పొలాలు పెదపాడు దగ్గర. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. నూర్పిళ్ళ రోజులొస్తే చాలు, ఆ ధూళికి పడుకోలేక గోడకానుకుని కూర్చునేదాన్ని. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, తాడేపల్లిగూడెంలో ఉండేది. "దీన్ని నాకిచ్చెయ్యక్కా" అని తీసుకుపోయింది. బాబాయిది ఉల్లిపాయల వ్యాపారం. ఉల్లిపొట్టు ఎగిరే ఇంట్లో ఉబ్బసం తగ్గడమేమిటని చుట్టాలందరూ నవ్వారుగాని, తగ్గింది. ఎందుకు తగ్గిందో డాక్టరుగారే చెప్పలేకపోయారు. నేను మాత్రం దణ్ణం పెట్టుకుని ఊరుకున్నాను.

అక్కడ బడిలో వేశారుగాని, సుద్దపొడికే దగ్గొచ్చేది. పిన్ని బీయస్సీ చదివింది. "బడెందుకు, నేను లేనూ" అని ఇంట్లోనే కూర్చోబెట్టింది. లెక్కలు వంటింట్లో, ఫిజిక్సు పెరట్లో. కుక్కరు కూతవేస్తే ఆవిరి పీడనం, బాబాయి కొట్లో కాటా చూపించి మీటల సూత్రం. పదో తరగతీ ఇంటరూ ఏడాది ఆలస్యంగా ఓపెన్ స్కూల్లో రాశాను. తెల్లవారగానే ఊపిరి కోసమని పిన్ని నన్ను రన్‌వే మీద నడిపించేది. గూడెంలో పుట్టినవాళ్ళకి అదేం వింత కాదు. యుద్ధకాలంనాటి పాత రన్‌వే అది. ఇప్పుడు వాకింగు వాళ్ళదీ, స్కూటరు నేర్చుకునేవాళ్ళదీ.

"ఇక్కడ విమానాలు దిగేవటే" అంది పిన్ని ఓ రోజు.

"దిగాక ఏం చేసేవాళ్ళు?"

"చెయ్యడానికేముంది, నట్లూ బోల్టులూ చూసుకుని మళ్ళీ ఎగరేసేవాళ్ళు."

నడిపేవాళ్ళ గురించి అడగాలని నాకు తోచలేదు. ఆ నట్లూ బోల్టులూ చూసుకునేవాళ్ళ గురించే అడిగాను. అడుగుతూనే ఉన్నాను.

వేసవి సెలవులకి చెల్లెలు వచ్చేది. అప్పటికి మా ఇల్లు ఏలూరికి మారింది, అక్కడే కాన్వెంటు. నీలం టై, తెల్ల మేజోళ్ళు. సెలవుల్లో కూడా అవి వేసుకుని చూపించేది. తిరిగి వెళ్ళేదాకా ఒక మేజోడు నా పరుపుకింద దాచేదాన్ని.

"అక్కా, నీకు ప్రోగ్రెస్ కార్డు ఉండదా?"

"ఉండదు."

"మరి నువ్వు పాసయ్యావని ఎలా తెలుస్తుంది?"

పిన్ని పొయ్యి దగ్గర్నుంచే అంది: "అది ఫెయిలయిన రోజు అన్నం మాడుతుందిలేవే. అప్పుడు తెలుస్తుంది."

చెల్లెలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నాకొక ప్రోగ్రెస్ కార్డు కావాలనిపించడం అప్పుడే మొదలైంది. ఎవరో ఒకరు చూసి, ఎర్రసిరాతో సరే అని సంతకం పెట్టిన కాగితం.

ఇంటరయ్యాక, విమానాల మెయింటెనెన్సు చదువుతానని నాన్నగారితో చెప్పాను.

"ఆడపిల్లవి, విమానం కిందకి దూరతావా?" అన్నారు.

"పైకెక్కితే ఒప్పుకునేవారా, నాన్నగారూ?"

ఆయన నవ్వేశారు. ఆయన నవ్వితే ఒప్పుకున్నట్టే. హైదరాబాదులో చేర్పించారు. మొదటి సెలవులకి నీలం ఓవరాల్సుతో వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. చెల్లెలు నా చుట్టూ తిరిగి చూసింది. దానికి భీమవరంలో కంప్యూటర్ల సీటు దాదాపు ఖాయమైపోయింది అప్పటికి. వారం తిరక్కుండానే నాన్నగారితో అంటోంది: "నేనూ అక్క చదివేదే చదువుతానండీ."

నాది ఒక్కటుండేది. అదీ తీసుకుంది.

అక్కణ్ణుంచి ఏం చెప్పను. నేను పిన్ని దగ్గర పాఠం అర్థమయ్యేదాకా చదివినదాన్ని. గడియారం చూస్తూ రాయడం నాకు రాదు. క్లాసులో చెయ్యెత్తి అడగడం రాదు. వంటింట్లో ఎవరైనా చెయ్యెత్తుతారా? ప్రశ్న మనసులో నానబెట్టుకుని, అందరూ వెళ్ళాక మాస్టారి వెనకాల పడేదాన్ని. చెల్లెలు ఏడాది వెనక వచ్చింది. వచ్చిన రోజునే చెయ్యెత్తింది. లైసెన్సుకి రాయాల్సిన పేపర్లన్నీ, కొబ్బరిముక్కలు నమిలినట్టు, ఒకదాని తర్వాత ఒకటి పూర్తిచేసింది. ఎలక్ట్రానిక్సు పేపరు నాకు మూడోసారికి గట్టెక్కింది. దానికి మొదటిసారికే. దాని లైసెన్సు వచ్చిన రోజున ఏలూరులో వీధంతా మైసూరుపాకు పంచినదాన్ని నేనే. "చెల్లెలు గొప్పదైపోయిందమ్మా" అంటే, "మా భాగ్యమండీ" అన్నాను. భాగ్యమే. పళ్ళెం మాత్రం చాలా బరువుగా ఉంది.

తర్వాత ఇద్దరికీ గన్నవరమే పడింది. అమ్మ సంతోషానికి అంతు లేదు. ఇద్దరమ్మాయిలూ ఏలూరులో తన కళ్ళెదుటే ఉంటారు. పొద్దున్నే చెల్లెలి కారులో బయల్దేరి హనుమాన్ జంక్షను మీదుగా వెళ్ళేవాళ్ళం. ఇంట్లో "ఏమే" అనేదాన్ని విమానం దగ్గర మేడం అనాలి. అది వద్దనే అంది. నలుగురిముందూ అనక తప్పదు. తోటి టెక్నీషియన్లు నన్ను 'అక్కగారు' చేసేశారు. "ఏవండీ అక్కగారూ, మేడంగారు పిలుస్తున్నారండీ" అని కేకేసి, నా మొహం ఎలా ఉంటుందోనని చూసేవాళ్ళు.

నాకు చివరికి మిగిలింది ఒకే పని. లైసెన్సుకి పేపర్లు రాస్తే చాలదు, చేతిపనులు కూడా చేసి చూపించాలి. లైసెన్సున్న ఇంజనీరు ఎదురుగా ఉండాలి, చూశానని సంతకం పెట్టాలి. అన్నీ అయిపోయాయి. విమానం పెద్ద చక్రాన్ని మొదటినుంచి చివరిదాకా నా చేత్తో మార్చడం ఒక్కటే ఉంది. గన్నవరంలో అది అరుదు. చక్రాలు అరిగితే పెద్ద ఊళ్ళలో మార్చేస్తారు. ఇక్కడ ఆగేది కాసేపే. ఇంకోవైపు, పాసైన పేపర్లకి కూడా గడువుంటుంది. మూడోసారికి గట్టెక్కానన్న ఎలక్ట్రానిక్సు పేపరుంది చూడండి, దాని గడువు కార్తీకమాసం వెళ్ళేలోపే తీరిపోతుంది. ఆలోగా చక్రం మార్చి సంతకం పెట్టించుకోకపోతే ఆ పేపరు మళ్ళీ రాయాలి. మళ్ళీ పాసవుతానన్న ధైర్యం నాకు లేదు.

మా దగ్గర సంతకం పెట్టగలవాళ్ళు ఇద్దరే. ముదినేపల్లివైపునుంచి వచ్చే పెద్దాయన ఒకరు, రెండోది మా చెల్లెలు.

దసరా ముందొక ఆదివారం అమ్మ మమ్మల్ని కొల్లేటికోట తీసుకెళ్ళింది. పెద్దింట్లమ్మవారికి మొక్కు. వానలకి కొల్లేరు నిండి ఉంది. దారికి రెండువైపులా చేపల చెరువులు, వాటిలో నురగలు కక్కుతూ నీటికి గాలి పట్టించే ఏరేటర్లు. తెల్లటి పిట్టల గుంపొకటి ఒక్కసారిగా లేచింది.

"పక్షుల్ని చూస్తే అందరికీ ఆనందం. నాకు మాత్రం అవి పడి పాడయ్యే ఇంజను గుర్తొస్తుంది" అంది చెల్లెలు స్టీరింగు పట్టుకునే.

నాకూ సరిగ్గా అదే గుర్తొచ్చింది. కానీ ముందు అది అనేసింది. ఇక నేనంటే దాన్ని చూసి అన్నట్టుంటుందని నోరు మూసుకున్నాను.

గుళ్ళో అమ్మ పైకే మొక్కింది: "తల్లీ, చిన్నదానికిచ్చావు. పెద్దదానికి కూడా ఇప్పించు."

చెల్లెలు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. అది నా కోసమే మొక్కుతోందని నాకు తెలుసు. ఆ కరుణ నాకు మింగుడుపడలేదు. 'అమ్మా, దానికి ఇచ్చినందుకు నీకు దణ్ణం' అన్నాను లోపల. 'నాకివ్వు' అన్నాను. రెండు మాటల మధ్యా ఊపిరి కూడా తీసుకోలేదు.

దసరాకి మా స్టేషనులో ఆయుధపూజ చేస్తాం. పనిముట్ల గది కడిగి, అమ్మవారి పటం పెట్టి, విమానాన్ని లాగే ట్రాక్టరుకి దండ వేసి, గుమ్మడికాయ కొడతాం. పెద్దాయన కూతురింటికి సెలవు మీద వెళ్ళారు. కనుక ఆ రోజు అన్నీ చెల్లెలే.

"బొట్లు బీరువా తలుపులకే పెట్టండి. పనిముట్లకి వద్దు, సరేనా?" అంది అందరితో.

"సరేనండీ మేడంగారూ" అన్నాం. నేనూ అన్నాను.

అందరూ పులిహోర తినడానికి బయటికెళ్ళారు. నేను ఆగాను. చక్రం ఇరుసుకుండే పెద్ద నట్టుని విప్పే సాకెట్టొకటి ఉంటుంది, చెంబంత. దాన్ని సొరుగులోంచి తీసి, పైన పెడితే కనిపిస్తుందని లోపలి అంచుకి కుంకుమ అద్దాను. 'ఈ ఏడు దీన్ని నా చేతికి రప్పించమ్మా' అనుకున్నాను. చేతులు శుభ్రంగా కడుక్కుని వెళ్ళి పులిహోర తిన్నాను.

అమ్మవారు ఇంత త్వరగా వింటుందని అనుకోలేదు. మధ్యాహ్నం వచ్చిన విమానం టైరుకి లోతుగా కోత పడింది. ఎక్కడో ఏదో గుచ్చుకుంది. చక్రం మార్చాల్సిందే. స్టేషనులో ఒక చక్రం తయారుగా ఎప్పుడూ ఉంటుంది.

చెల్లెలు నావైపు తిరిగింది. దాని మొహం వెలిగిపోతోంది. "అక్కా, నీదే. నువ్వు చెయ్యి, నేను చూస్తాను."

చేశాను. ఎంత బాగా చేశానో చెప్పడానికి నాకు సిగ్గులేదు. మిగతా చక్రాలకి దిమ్మలు వేయించాను, జాకీ పెట్టి విమానం కాలు లేపాను, టైరులో గాలి తీశాను. సాకెట్టు వేసి నట్టు విప్పాను. పాత చక్రాన్ని, పిల్లని ఒళ్ళోంచి దించినట్టు, ఇరుసు మరలకి తగలకుండా లాగాను. ఇరుసు తుడిచాను, చూశాను, గ్రీజు రాశాను. కొత్త చక్రం ఎక్కించి, నట్టు వేసి, చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, బిగింపు చాలగానే టక్కుమనే టార్క్ రెంచ్‌తో బిగించాను. కొంచెం వదిలి, మళ్ళీ లెక్కప్రకారం బిగించాను. ఆ రెంచ్ టక్కుమన్నప్పుడు నా ఒళ్ళంతా టక్కుమంది. నట్టు కదలకుండా పట్టే తాళపు బోల్టులు వేసేముందు చూడమని చెల్లెలికి చోటిచ్చాను.

అది మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. చాలాసేపు చూసింది.

"అక్కా, ఈ ఎరుపేంటి?"

వంగి చూశాను. నట్టు అంచున, గ్రీజులో, సన్నటి ఎర్రపొడి. నాకు తెలిసిపోయింది.

"కుంకుమ" అన్నాను.

"ఇక్కడికెలా వచ్చింది?"

"పొద్దున సాకెట్టుకి పెట్టాను."

అది తలెత్తి నన్ను చూసింది. పక్కనున్న కుర్రాళ్ళలో ఒకడు, "అమ్మవారు విమానానిక్కూడా బొట్టు పెట్టించుకుంది లెండి, అక్కగారూ" అన్నాడు.

"తుడిచేస్తానే. ఒక్క నిమిషం."

"పైన తుడుస్తావు. లోపల మరల్లో ఉన్నదో?"

మా పనిలో ఎర్రపొడి అంటే అందరికీ భయమే. ఉక్కూ ఉక్కూ రాసుకుంటే అలాంటి పొడే వస్తుంది. అది వచ్చిందంటే లోపల ఏదో అరుగుతున్నట్టు.

"కుంకుమేనే! నేను చెబుతున్నా కదా. అమ్మవారి మీద ఒట్టు."

"నిన్ను నమ్ముతానక్కా" అంది, మిగతావాళ్ళకి వినపడకుండా. "ఇంట్లో అయితే నువ్వు చెప్పావని నూతిలో దూకమన్నా దూకుతాను. ఇక్కడ చూశాకే పెట్టాలి. విప్పాలి."

అప్పటికే విమానం ఆలస్యమైంది. పైలట్ రెండుసార్లు కిందకొచ్చి అడిగి వెళ్ళాడు. చెల్లెలు గడియారం చూసింది. "జరుగక్కా, ఇక టైము లేదు. నేను చేసేస్తాను" అని నా చేతిలోని రెంచ్ తీసుకుంది.

నేను జరిగాను. అది వేరే సాకెట్టు తెప్పించి నట్టు విప్పింది. చక్రం తీసి, ఇరుసు కడిగి, ప్రతి మరా టార్చితో చూసి, అది కుంకుమేనని తేల్చుకుని, మళ్ళీ ఎక్కించింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగలేదు. ఒక్క కదలిక ఎక్కువ లేదు. పెళ్ళిలో వడ్డించడం బాగా తెలిసినవాళ్ళ చేతులు చూస్తూ ఉండిపోతామే, అలా చూస్తూ ఉండిపోయాను. అది అంత అందంగా చెయ్యకపోయినా బాగుండేది. చెడగొట్టుకున్నదాన్ని నేనని తెలుసు. అయినా నా చక్రం మీద ఇప్పుడు దాని చేతులున్నాయి.

పని చివరికి చెల్లెలే చేసింది కనుక అది నా పని కాదు. సంతకం లేదు. ఆలస్యానికి కారణం పూజ కుంకుమేనని ఉన్నదున్నట్టు రాసి, మేనేజరుగారికి ఫోను కూడా అదే చేసింది. "నా షిఫ్టులో జరిగిందండీ, నేను చూసుకోవాల్సింది" అనడం విన్నాను. నన్ను తిట్టించినా కొంచెం తేలికగా ఉండేది.

షిఫ్టు అయ్యాక ఏలూరు చేరాం. గారెలు వేస్తున్న అమ్మ మా మొహాలు చూసి మూకుడు దించేసింది.

"ఏమైందే?"

చెల్లెలే చెప్పింది. అంతా విని అమ్మ దానిమీదే లేచింది.

"ఎవరికైనా జ్వరం వచ్చిందా, కాలు విరిగిందా? కుంకుమ! అమ్మవారి కుంకుమ! పండగపూట అక్కకి ఒక్క సంతకం పెట్టలేకపోయావా?"

"చేసుంటే పెట్టేదాన్నమ్మా."

"చేసిందిగా!"

"విప్పాల్సొచ్చిందిగా!"

"గూడెంలో నీ మేజోళ్ళు కుట్టిందెవరే? జ్వరమొస్తే నీ పక్కన కూర్చున్నదెవరే? ఆ మాత్రం..."

మధ్యగదిలోంచి నాన్నగారు అన్నారు: "చూడకుండా సంతకం పెట్టే, నేను పుంతపక్క పొలం చెక్క పోగొట్టుకున్నాను. దాన్నొదిలెయ్."

అమ్మ గరిటె చేత్తోనే నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవేం? అడగవేం దాన్ని?"

"అడగడానికేముందమ్మా. దానిదే న్యాయం" అన్నాను. అది నిజమే. న్యాయం కూడా దానివైపే ఉండాలా అన్నది బయటికి రానివ్వలేదు. ఆ సాయంత్రం దీపం దగ్గర ఊపిరి, అమ్మ, నాన్నగారు, పని అన్నీ చెప్పుకున్నాను. చెల్లెలి పేరు దగ్గర ఆగలేదు. అసలు అటువైపే వెళ్ళలేదు.

కార్తీకం వచ్చింది. అందరూ తెల్లవారుజామున స్నానాలు చేసి దీపాలు వదులుతుంటే నేను ఎలక్ట్రానిక్సు పుస్తకం దుమ్ము దులిపాను. రోజుకో విమానం కింద దూరి, ఈ టైరైనా అరగకపోతుందా అని చూసుకునేదాన్ని. చెల్లెలు ఇంట్లో నాకు కాఫీ కలిపి తెచ్చేది. గ్లాసు పుచ్చుకునేదాన్ని, మొహం చూసేదాన్ని కాదు.

గడువు ఇంకా మిగిలి ఉండగానే కబురొచ్చింది. ఒక విమానం చక్రం అరుగుదల హద్దుకి వచ్చింది, మధ్యాహ్నం గన్నవరంలో ఎక్కువసేపు ఆగుతుంది, మార్చండి అని. ఆ రోజు పెద్దాయన డ్యూటీ. చెల్లెలు కూడా ఉందిగాని, పక్కనున్న ఇంకో విమానం దగ్గర.

"కానియ్ తల్లీ, కానియ్. ఈ చక్రం నీ కోసమే వచ్చింది" అన్నారు పెద్దాయన.

మంచి మనిషి. మొదటిరోజునుంచీ నన్ను కూతురిలా చూశారు. కాసేపు నిలబడి చూశారు. నట్టు వేసేటప్పుడు ఆయనకి ఇంటినుంచి ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ రెక్క నీడలోకి వెళ్ళారు. నేను అన్నీ వరసగా చేసుకుంటూ వచ్చాను. వేళ్ళు రెండుసార్లు తుడుచుకున్నాను. రెంచ్ టక్కుమంది.

"చూడండి సార్" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి పెన్ను తీశారు. "అయిపోయిందా? ఇలా ఇవ్వు కాగితం."

"ఒక్కసారి చూసి..."

"నీ పని నాకు తెలీదేమ్మా? ఎన్నేళ్ళనుంచి చూస్తున్నాను! ఇలా ఇవ్వు."

చిన్నప్పటినుంచీ నేను కోరుకున్న కాగితం అది. ఆయన పెన్ను దానికి జానెడు దూరంలో ఉంది. దసరానాడు చెల్లెలి నోట వినాలనుకున్న మాటే ఆయన అన్నారు. 'నీ పని నాకు తెలీదా' అని. కాళ్ళకి దణ్ణం పెట్టాల్సింది. కానీ నాకేమనిపించిందో చెప్పనా? ఇలా వచ్చిన సంతకాన్ని మా చెల్లెలు సంతకం అనుకోదు అనిపించింది. అది ఏమీ అనదు, సంతోషపడుతుంది కూడా. కానీ దాని లైసెన్సు చూసి ఇచ్చింది, నాది చూడకుండా ఇచ్చింది అవుతుంది. బతికినన్నాళ్ళూ దానికంటే ఒక మెట్టు కిందే. నేనది భరించలేను.

"ఒక్క నిమిషం ఆగండి సార్" అని పక్క విమానం దగ్గరికి నడిచాను.

"మేడం, ఒకసారి వస్తారా?" అన్నాను.

చెల్లెలు ఉలిక్కిపడింది. "ఏమైందక్కా?"

"నా చక్రం చూడు. వంక ఉంటే చెప్పు."

వచ్చింది. ఎందుకు పిలిచానో అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. నేను దాని వెనకాల నిలబడ్డాను. నట్టు చుట్టూ టార్చి తిప్పింది. చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గింది, పైనా కిందా పట్టుకుని ఊపింది. వేలు పెట్టి అంచు వెనకాల తడిమి, ఆ వేలు వెలుగులో చూసుకుంది. దసరానాటికంటే ఎక్కువసేపే చూసింది. అది వెతికేకొద్దీ నాకు లోపల కసి పెరుగుతోంది. వెతుకు, వెతుకు, దొరకదులే అని. ఏదో జపం చేసినట్టు అదే అనుకుంటున్నాను.

"ఏం లేదక్కా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"మళ్ళీ చూడు."

అది నా మొహంలోకి చూసింది. కోపమో, నవ్వో ఏదో వచ్చి పోయింది. మళ్ళీ కూర్చుని మొదటినుంచీ చూసింది. అదీ మా చెల్లెలు.

"ఏం లేదు. వెంట్రుకంత వంక లేదు" అంది లేచి.

"నువ్వే పెట్టెయ్యమ్మా సంతకం, చూసింది నువ్వే కదా" అన్నారు పెద్దాయన కాగితం చాపుతూ.

"లేదండీ, నేను అయ్యాకే చూశాను. చేసింది మీ డ్యూటీలో. పైగా నేను పెడితే చెల్లెలు పెట్టిందంటారు. అక్కకి ఆ మాట రాకూడదు" అంది.

పెద్దాయన పెన్ను మూశారు. కాగితం పక్కనపెట్టి, కళ్ళజోడు సర్దుకుని, "ఆ టార్చి ఇలా ఇవ్వు" అన్నారు. ఆయన కూడా కూర్చుని చూశారు. ప్రతి బిగింపూ ఎలా చేశానో నన్ను అడిగి, చెప్పించుకుని, మళ్ళీ చూసి, అప్పుడు పెట్టారు.

కార్తీకం వెళ్ళకముందే కాగితాలన్నీ పంపించాను. నాన్నగారు శివాలయానికి వెళ్ళొద్దామంటే వెళ్ళి, ఏమీ అడక్కుండా వచ్చేశాను. అడగడానికేమీ మిగల్లేదు. సంతకం పడిన ఆ సాయంత్రం మాత్రం కారులో వస్తుంటే హనుమాన్ జంక్షను దగ్గర చెల్లెలు బండి ఆపి బజ్జీలు కొనుక్కొచ్చింది. పొట్లం నా ఒళ్ళో పెట్టింది.

"లైసెన్సు వచ్చాక కొన్ని పనులకి రెండోసారి చూడ్డానికి నిన్ను పిలుస్తారక్కా" అంది. పెద్ద పనులకి ఒకరు చూస్తే చాలదు, ఇద్దరు వేరువేరుగా చూడాలి. "నేను చూసిందాన్ని నువ్వు మళ్ళీ చూడాలి."

"చూస్తాను. వదిలిపెట్టను."

"వదిలిపెట్టకు" అంది, బజ్జీ కొరుకుతూ, దారి చూస్తూ.

ఏలూరు వచ్చేదాకా దాని పనంతా ఒక్కొక్కటే గుర్తుచేసుకుని, ఎక్కడైనా వంక దొరుకుతుందా అని వెతికాను. దొరకలేదు. లైసెన్సు రానీ, చూస్తాను.